పదిహేడో చుక్క

షెఫీల్డ్‌లో ఆ చలికాలం
పదిరోజులు ఒక చెప్పుల విభాగంలో
ఏమీ కొనని మనిషిగా కూర్చున్నాను.
మూడో అంతస్తు, అద్దం పక్కన ఎత్తుపీట,
ఒళ్ళో అట్ట, మెడలో స్టాప్‌వాచీ.
ఎవరొచ్చారు, ఎవర్ని ఎవరు పలకరించారు,
ఆరో నంబరు జత కోసం వెనకగదికి వెళ్ళి
ఎన్ని సెకన్లకి తిరిగొచ్చారు,
అన్నీ గీతలే, అయిదేసి కట్టలుగా.

ల్యాబ్‌కొచ్చి మనుషుల్ని చుక్కలు చేశాను.
నీలం చుక్క సిబ్బంది,
పసుపు చుక్క బేరం.
ఒక్కోదానికి ఆవగింజంత బుద్ధి పెట్టాను:
ఎంతసేపు ఓర్చుకోవాలి,
ఎప్పుడు విసుక్కుని వెళ్ళిపోవాలి,
నచ్చితే మళ్ళీ రావాలా అక్కర్లేదా.
అప్పుడు మీట నొక్కి
శనివారాన్ని వదిలాను.
వెయ్యి శనివారాలు,
కప్పులో టీ చల్లారేలోపు.

లెక్క కుదరలేదు.

తెరమీద క్యూ చీమలబారై మెట్లదాకా పాకింది.
సరుకు వాపసు తీసుకోవాలంటే
మేనేజర్ తాళంచెవి తిప్పాలి, అది అక్కడి నియమం.
ఆ థ్రాసెల్ గారేమో ఎప్పుడూ
రెండంతస్తుల కింద, పరుపుల మధ్య.
ఆయనొచ్చేదాకా నీలం చుక్క నిలబడాలి,
వెనకున్న పసుపు చుక్కలు
ఒక్కొక్కటే రాలిపోవాలి.
నా కళ్ళతో చూసిన దుకాణంలో మాత్రం
క్యూ ఏనాడూ నలుగుర్ని దాటలేదు.

ఎక్కడ తప్పాను?
కోడంతా గాలించాను, పేలు చూసినట్టు.
ఏమీ దొరకలేదు.

మళ్ళీ వెళ్ళాను, ఈసారి వాచీ లేకుండా.
పదిహేడో నంబరు బ్యాడ్జి, ఎనిడ్ క్రాగ్‌షా,
యాభై తొమ్మిదేళ్ళు, ఎడమ మోకాలికి పట్టీ.
వాపసొచ్చిన బూటు తిరగేసి మడమ చూసింది,
ఫోనెత్తి "థ్రాసెల్ గారూ" అంది,
అవతల ఎవరూ లేని ఆ ఫోన్లో
"సరేనండి" కూడా అంది,
సొరుగులోంచి చెవి తీసి తిప్పేసింది.

నకలు చేయించి ఎనిమిదేళ్ళట.
మార్కెట్లో, సొంత డబ్బుతో.
"నువ్వు కూర్చున్న మొదటిరోజు
నిజంగానే ఫోన్ చేశాను అమ్మడూ.
రెండోరోజు నా కాళ్ళు ఒప్పుకోలేదు."

పదిహేడో చుక్కకి ఒక్క వరస మార్చాను:
మాట విన్నట్టు నటించు.
ఆ రాత్రే క్యూ కరిగిపోయింది.
నా శనివారం, వాళ్ళ రసీదుల శనివారం
నూటికి మూడు తేడాలో కలిశాయి.
మోడల్ నిజానికి దగ్గరైంది అంటాం మేం,
ఒక అబద్ధం పెట్టాకే అయినా.

నివేదికలో ఎనిడ్ లేదు. ఇంతే రాశాను:
యాభై పౌండ్లలోపు వాపసులు
సిబ్బందే తేల్చుకోవచ్చు, అందరికీ చెవి ఇవ్వండి.

థ్రాసెల్ గారు ముచ్చటపడ్డాడు.
బిస్కెట్ టీలో ముంచుతూ,
"ఇంత సమయం మిగిలితే
ఒక నీలం చుక్కని తీసేసి చూపించగలరా?
ఏది తీస్తే నష్టం తక్కువో అది."

నొక్కాను. నాకు తెలియకపోలేదు.
అందరి చేతిలో చెవి ఉన్న దుకాణంలో
పదిహేడుకి మిగిలింది మోకాలొక్కటే.
వెనకగదికి పోయిరావడానికి
మిగతావాళ్ళకి నలభై సెకన్లు, తనకి డెబ్భై.
నేనే కొలిచాను. అయిదేసి గీతల కట్టలతో.

జాబితాలో మొదటి పేరు, పేరు కాదు, అంకె.
తెరని కొంచెం నావైపు తిప్పుకున్నాను.

బిస్కెట్ ముక్క విరిగి టీలో పడింది.
ఆయన చెంచా కోసం వెతుక్కుంటున్నాడు.

"ఇంకా తేలలేదండి" అన్నాను.
"మరో వెయ్యి శనివారాలు నడపాలి."
"వారంలో చెప్తారా?"
"సరేనండి."

కిటికీ బయట ట్రామ్ వాలు ఎక్కుతోంది.
తెరమీద ఒక నీలం చుక్క
వెనకగదిలోంచి ఇంకా వస్తూనే ఉంది.
అరవై ఆరు.
అరవై ఏడు.